నాది అనిపించే చెయ్యి

బల్లమీద ఎడమ చెయ్యి పెట్టుకుని కూర్చోవాలి. అది మనకు కనబడకుండా పక్కన చిన్న తెర అడ్డం పెడతారు. కళ్లెదుట మాత్రం ఒక రబ్బరు చెయ్యి ఉంటుంది. ఎదురుగా ఉన్నవారు రెండు కుంచెలు తీసుకుని, తెరచాటు చేతినీ రబ్బరు చేతినీ ఒకే చోట, ఒకే క్షణాన నిమురుతూ ఉంటారు. కాసేపటికి కుంచె మెత్తదనం ఆ రబ్బరు వేళ్లమీదే తెలుస్తుంది. కళ్లు మూసుకుని ఎడమ చెయ్యి ఎక్కడుందో చూపమంటే, కుడిచేతి వేలు రబ్బరు చేతివైపే జరుగుతుంది. 1998లో మాథ్యూ బాట్వినిక్, జొనాథన్ కోహెన్ అనే పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ఒక్క పేజీలో చెప్పిన ప్రయోగమిది. అది చదివాక ఎవరైనా సరే, తమ వేళ్లవంక ఓసారి చూసుకోక మానరు.

కీలకమంతా ‘ఒకే క్షణాన’ అన్న మాటలో ఉంది. కుంచెలు ముందూ వెనకా అయ్యాయంటే ఆ భ్రమ సడలిపోతుంది. కంటికి కనబడేదీ, చర్మానికి తెలిసేదీ, కీళ్లూ కండరాలూ చెప్పేదీ ఒక్క మాటమీద ఉన్నంతసేపే మెదడు దేన్నయినా ‘నాది’ అంటుంది. పుట్టిన నాటి నుంచీ మోస్తున్న ఒళ్లు కూడా అలా గడియగడియకూ కుదురుతున్నదేనా అనుకుంటే ఒకింత గుబులు, ఒకింత అబ్బురం.

వర్చువల్ రియాలిటీలో మనకు దొరికే అవతార్ అనే బొమ్మ ఒళ్లు ఈ కుదురుమీదే నిలబడుతుంది. హెడ్‌సెట్ మామూలుగా పట్టుకోగలిగేది తలనూ రెండు చేతులనూ. మోచెయ్యి ఎటుందో, నడుము ఎంత వంగిందో లెక్కగట్టి ఊహించాల్సిందే. కాళ్లయితే మరీ కష్టం. అందుకే చాలాకాలం అక్కడి మనుషులు నడుముదాకానే ఉండి గాలిలో తేలుతూ కనిపించారు. 2022లో మెటా సంస్థ తన అవతార్లకు కాళ్లు వస్తున్నాయని చెప్పడమే పెద్ద వార్తయింది. ఆగలేనివాళ్లు నడుముకూ పాదాలకూ కదలికను పట్టే ట్రాకర్లు కట్టుకున్నారు. ఈ కుదురు మన తోలుబొమ్మలాటకూ తెలుసు. బొమ్మ అడుగేస్తుంటే ఆడించేవాళ్లు తెరవెనక గజ్జెలు కట్టుకుని, కాళ్లకింద చెక్కలు టకటకలాడేలా తొక్కుతారు. ఆ చప్పుడు అడుగుతో కలిసిందా, చూసేవాళ్లకు తోలు కనబడదు, నడిచే మనిషే కనబడుతుంది.

బార్సిలోనాలో పరిశోధకుడు మెల్ స్లేటర్ బృందం 2013లో వెల్లడించిన ప్రయోగం ఇంకా లోతుకు వెళ్లింది. పెద్దవాళ్లకు హెడ్‌సెట్‌లో నాలుగేళ్ల పసివాడి ఒళ్లు ఇచ్చారు. మరోసారి అంతే ఎత్తుకు కుదించిన పెద్ద మనిషి ఒళ్లు ఇచ్చారు. కళ్లు ఉన్న ఎత్తు రెండింట్లోనూ ఒకటే. అయినా పసివాడి ఒంట్లో ఉన్నప్పుడు ఎదుటి వస్తువులు మరింత పెద్దవిగా తోచాయి. బొమ్మ ఒళ్లు తమతోపాటు కదలనప్పుడు ఆ తేడా పోయింది. ఎన్నో ఏళ్లకు చదువుకున్న బడికి వెళ్లి, ‘మనం పరుగెత్తిన వరండా ఇంతేనా?’ అని నిలబడిపోయిన వాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వరండా అంతే ఉంది, కొలబద్ద పెరిగింది.

తెల్లవారికి నల్లవారి శరీరమిస్తే మనసు అడుగున దాగిన వివక్ష తగ్గినట్టు కూడా అదే ఏడాది తేలింది. ఇంకొకరి చోట నిలబడి చూడాలన్న మాటకు ఇంత దగ్గరి దారి దొరికిందని సంతోషించాం. కానీ ఆ లోకంలో చుట్టూ ఉన్నవాళ్లు కటువుగా ఉన్నప్పుడు ఆ మేలు కనబడలేదని తర్వాతి పరిశోధన చెప్పింది. ఒళ్లు మారితే చాలదు, ఆ ఒంటిని లోకం ఎలా చూస్తోందన్నదీ చూడాలి.

ఈ విద్య ఆటల దుకాణాలకంటే ముందు ఆసుపత్రుల ఫిజియోథెరపీ గదులకు చేరాలన్నది మా కోరిక. దానికి దారి వేసినది హెడ్‌సెట్ కాదు, ఒక మామూలు అద్దం. తమిళనాడులో పుట్టిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ అమెరికాలో 1990లలో ఒక పెట్టె మధ్యలో అద్దం నిలిపారు. చెయ్యి తెగిపోయినా ఆ లేని చేతి పిడికిలి బిగుసుకుపోయి, గోళ్లు అరచేతిలో దిగుతున్నంత బాధ కొందరికి. లేని పిడికిలిని విప్పేదెలా? ఉన్న చేతిని అద్దం ముందు పెట్టమన్నారు. రెండో చెయ్యి ఉండాల్సిన చోట దాని నీడ కనబడింది. రెండూ కలిపి విప్పమన్నారు. అందరికీ పనిచేయలేదు. ఫలితం దొరికినవాళ్లు మాత్రం ఎన్నాళ్లుగానో బిగిసి ఉన్న పిడికిలి, అద్దంలో, ఒక్కో వేలే విచ్చుకోవడం చూశారు.