గుండెకు మంచిదని గ్లాసు ఎత్తకండి

‘వైన్స్’ అని బోర్డు పెట్టిన దుకాణంలో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయని మన దగ్గర ఒక పాత హాస్యం. ఇప్పుడు వైన్ దుకాణం దాకా వెళ్లకుండానే సూట్‌కేసులో ఇంటికి వస్తోంది. అబ్బాయి కాలిఫోర్నియాలోనో, అమ్మాయి మెల్‌బోర్న్‌లోనో ఉన్న ఇళ్లు బెజవాడలో, చుట్టుపక్కల డెల్టా ఊళ్లలో ఎన్నో. సంక్రాంతికి వస్తూ వాళ్లు తెచ్చే చాక్లెట్ల పక్కన ఒక సీసా కూడా ఉంటోంది. ‘ఇది సారా కాదు నాన్నా, గుండెకు మంచిది’ అన్న మాట కూడా దానితో పాటే వస్తోంది. నా ఇబ్బంది సీసాతో కంటే ఆ మాటతోనే.

కిందటేడు ఒక తెల్లవారుజామున అరవై దాటిన పెద్దాయనను మా ఎమర్జెన్సీ వార్డుకు తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. పక్షవాతమేమోనని ఇంట్లోవాళ్ల భయం. షుగర్ చూస్తే 38. గ్లూకోజ్ ఎక్కించాక తేరుకున్నారు. మధుమేహానికి గ్లిమెపిరైడ్ మాత్ర వాడుతున్నారు. ‘రాత్రి మందు తీసుకున్నారా అమ్మా?’ అని ఆయన భార్యను అడిగాను. ‘అబ్బే, ఆయనకు ఆ అలవాటే లేదు డాక్టరుగారూ’ అన్నారామె. మధ్యాహ్నం అమెరికా నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. ‘సార్, నాన్న రోజూ రాత్రి రెడ్ వైన్ తీసుకుంటున్నారు. గుండెకు మంచిదని నేనే ఇచ్చి వచ్చాను’ అన్నాడు.

ఆ తల్లి అబద్ధం చెప్పలేదు. ఆమె దృష్టిలో వైన్ ‘మందు’ కాదు. ఆ కొడుకు దృష్టిలో అది మరో రకం ‘మందు’. ఈ రెండర్థాల మధ్య పెద్దాయన ప్రాణం మీదికి వచ్చింది.

అసలు జరిగిందేమిటంటే, మనం నిద్రపోతున్నప్పుడు రక్తంలో గ్లూకోజ్ పడిపోకుండా చూసేది కాలేయం. ఆల్కహాల్ లోపలికి వెళ్లాక దాన్ని వదిలించుకునే పనిలో పడి, కొత్తగా గ్లూకోజ్ తయారుచేయడం తగ్గించేస్తుంది. మరోపక్క మాత్ర ఇన్సులిన్‌ను పెంచుతూనే ఉంటుంది. ఆ రాత్రి అన్నం కూడా సరిగా తినకపోతే తెల్లవారేసరికి షుగర్ ప్రమాదకరంగా పడిపోతుంది. ఇన్సులిన్ వాడేవారికీ ఇదే ముప్పు.

‘గుండెకు మంచిది’ ఎక్కడి మాట?

ఫ్రెంచివాళ్లు వెన్న, చీజ్ బాగా తింటారు కానీ వాళ్లలో గుండెజబ్బులు తక్కువ, అందుకు రెడ్ వైనే కారణం కావచ్చు అన్న వాదన 1991లో ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంతో ఇంటింటికీ పాకింది. 1992లో ‘లాన్సెట్’ వైద్యపత్రికలో దీనిపై వ్యాసం వచ్చింది. ‘ఫ్రెంచ్ పారడాక్స్’ అన్న పేరు స్థిరపడిపోయింది. తర్వాత పరిశోధకులు ఆ లెక్కల్లో లొసుగులు చూపారు. ‘తాగనివారు’ అని లెక్కించిన వాళ్లలో జబ్బుచేసి మానేసినవారూ ఉన్నారు. వాళ్లతో పోల్చితే కొద్దిగా తాగేవారు ఆరోగ్యంగా కనిపించడంలో వింతేముంది? పైగా కొద్దిగా వైన్ తాగేవారిలో చాలామంది డబ్బు, మంచి తిండి, వ్యాయామం ఉన్నవారే. ఇక రెస్వెరట్రాల్ అంటారా, అది లీటరు రెడ్ వైన్‌లో ఉండేది కొద్ది మిల్లీగ్రాములే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ఆరోగ్యానికి ఏ హానీ చేయని మోతాదు అంటూ ఏదీ లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. సారా అయినా, స్కాచ్ అయినా, బోర్డో వైన్ అయినా లోపల ఉన్నది అదే ఇథనాల్.

ఇక్కడ మనకొక చరిత్ర ఉంది. ఫ్రెంచి వైన్‌ను లాన్సెట్ చర్చిస్తున్న ఆ 1992లోనే నెల్లూరు జిల్లా మహిళలు సారా దుకాణాలు మూయించే ఉద్యమం నడిపారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. సారా ఇల్లు కూల్చుతుందని మన అమ్మలకు తెలుసు, అందుకే గడప తొక్కనివ్వలేదు. వైన్ మాత్రం కోడలి చేతి మీదుగా, పొడవాటి గాజు గ్లాసులో, మర్యాదగా డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. అనుమానించేవారు లేరు.

ఊరు కాదు, శాతం చూడండి

నేను రుచికి శత్రువును కాను. ఒక సదస్సు కోసం నాసిక్ వెళ్లినప్పుడు ద్రాక్షతోటలో నాలుగు రకాలు రుచి చూశాను. నూజివీడు రసానికీ బంగినపల్లికీ తేడా తెలిసిన మనకు, నేల, ఎండ మారితే ద్రాక్ష రుచి మారుతుందని వేరే చెప్పక్కర్లేదు. అయితే ఎండ మారితే రుచితో పాటు మత్తు కూడా మారుతుంది. చల్లని జర్మనీ మోజెల్ లోయలో ద్రాక్షకు తీపి తక్కువ పడుతుంది. అక్కడి కొన్ని రీజ్లింగ్ వైన్లలో ఆల్కహాల్ 8, 9 శాతమే. ఎండ మండే ఆస్ట్రేలియా బరోసా షిరాజ్‌లో 14.5 శాతం మామూలు. ఒకే 150 మిల్లీలీటర్ల గ్లాసులో మొదటిదైతే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్, రెండోదైతే 17 గ్రాములు. పోర్ట్ లాంటివి 20 శాతం దాకా వెళ్తాయి. 13 శాతం ఉన్న 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి, విస్కీ లెక్కలో దాదాపు నాలుగు లార్జ్ పెగ్గులు. భార్యాభర్తలు ‘సరదాగా’ సీసా పూర్తిచేస్తే చెరి రెండు లార్జ్‌లు పుచ్చుకున్నట్టే.

ఇంకో సంగతి. వైన్ రుచి చూడటమే వృత్తిగా ఉన్నవాళ్లు దాన్ని మింగరు. గ్లాసు తిప్పి వాసన చూసి, నోట్లో ఒక గుక్క పుక్కిలించి, పక్కనున్న పాత్రలో ఉమ్మేస్తారు. రుచిలో ఎక్కువ పాలు ముక్కుదే కాబట్టి వాళ్లకు లోటేమీ ఉండదు. ప్రాంతాల రుచులు తెలుసుకోవాలన్న సరదా మీకు నిజంగా ఉంటే ఆ పద్ధతి నేర్చుకోండి.

అందుకే నా మాట ఇది. అలవాటు లేనివారు ఆరోగ్యం కోసమని మొదలుపెట్టకండి. గర్భిణులు ఒక్క గుక్క కూడా వద్దు. రక్తం పడుతుందని, బిడ్డ ఎర్రగా పుడుతుందని చెప్పేవారి మాట నమ్మకండి. ఫ్యాటీ లివర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారు, నిద్రమాత్రలు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు దూరంగా ఉండండి. వైన్‌లో కలిపే సల్ఫైట్లు కొందరు ఆస్తమా రోగులకు పడవు. తాగి ఉంటే స్టీరింగ్ ముట్టకండి. డాక్టరు అడిగితే ‘వైన్ కూడా’ అని చెప్పండి. మేం తీర్పు చెప్పడానికి అడగం, చికిత్స చేయడానికి అడుగుతాం.

విదేశాల్లో ఉన్న పిల్లలకు కూడా ఒక మాట. నాన్న గుండె మీద ప్రేమ ఉంటే ఈసారి వచ్చినప్పుడు ఆయనతో రోజూ పొద్దున కృష్ణ కరకట్ట మీద అరగంట నడవండి. ఆ పెద్దాయన ఇప్పుడు చేస్తున్నది అదే. మిగిలిన సీసా ఇంకా షోకేసులోనే ఉందట. అందంగానే ఉంది, అక్కడే ఉండనివ్వండి అన్నాను.