నొప్పి కూడా హక్కుల సమస్యే

2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. అంతకుముందు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల పంటను నరికేశారు. ఆ సరుకు విలువను కోట్లలో లెక్కగట్టారు. ఆ మొక్కతో ముడిపడిన స్త్రీల బతుకులు మాత్రం ఏ లెక్కలోనూ కనబడవు.

పెట్టుబడి, లాభం ఎక్కడో ఉన్న వ్యాపారివి. కూలి కోసం మూట మోసి పట్టుబడే పేదల్లో ఆదివాసీ స్త్రీలూ ఉన్నారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల శిక్ష. బెయిలు రావడమే గగనం. అదే చట్టం వైద్య, పరిశోధన అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. ఆయుర్వేదం ఈ మొక్కను ‘విజయ’ అనే పేరుతో ఎరుగును. కానీ ఆ మినహాయింపు గురించి రోగి గొంతుతో అడిగేవారెవరు?

1993లో అమెరికాలోని శాంటాక్రజ్‌లో వేలరీ కొరల్ అనే మూర్ఛ రోగి, ఆమె భర్త కలిసి ఒక రోగుల సంఘం పెట్టారు. క్యాన్సర్, ఎయిడ్స్ రోగులు కలిసి మొక్కలు పెంచుకున్నారు, డబ్బు తీసుకోకుండా పంచుకున్నారు, చావుకు దగ్గరైన వారికి సేవ చేశారు. 2002 సెప్టెంబరులో కేంద్ర అధికారులు దాడి చేసి ఆ మొక్కలు నరికేశారు. అదే నెలలో ఆ సంఘం రోగులకు మందును నగర పాలక సంస్థ భవనం ముందే, అందరూ చూస్తుండగా పంచింది. ఉరుగ్వే (2013), జర్మనీ (2024) చట్టాలు అనుమతించిన క్లబ్బులు వేరు. అవి రోగుల కోసమే పెట్టినవి కావు, వయోజనులందరివీ.

1992లో నెల్లూరు జిల్లాలో సారా మీద తిరగబడ్డ స్త్రీల వారసులం మనం. ‘ఇంకో మత్తుకు తలుపు తీయమంటావా?’ అని మీరు నన్ను నిలదీయవచ్చు. ఆ భయం న్యాయమైనదే. కీమోథెరపీ వాంతులకు, కొన్ని రకాల తీవ్రమైన మూర్ఛలకు గంజాయి నుంచి వచ్చిన మందులు పనిచేస్తాయి. క్యాన్సర్‌ను నయం చేస్తాయన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. శాంటాక్రజ్ నుంచి మనం తెచ్చుకోవలసింది మొక్కను కాదు, రోగులు సంఘంగా కూడడాన్ని.

ఎందుకంటే మన ఇళ్లలో నొప్పికి కాపలా స్త్రీలదే. రాత్రంతా మేలుకునేది ఆమె, కూలి పోగొట్టుకునేది ఆమె. తనకే జబ్బు చేస్తే ఓర్చుకోవడం ఆడదాని ధర్మమంటారు. మార్ఫిన్ అందుబాటును సులభం చేయడానికి 2014లోనే చట్టం సవరించారు. ఆ సవరణ పల్లెలోని మంచం దాకా రావాలి.

అందుకే నేను కోరేవి మూడు. అనకాపల్లి జిల్లా ఆసుపత్రిలోనూ, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లివచ్చే రోగుల ఊళ్లలోనూ ఉపశమన వైద్యం, మార్ఫిన్ అందాలి. రోగులూ వారికి సేవ చేసే స్త్రీలూ కలిసి కూర్చునే సంఘాలు ఏర్పడాలి. గంజాయి మందుల మీద పరిశోధన కావాలో వద్దో వారు కూడా చెప్పాలి. మూట మోసి జైలుకెళ్లిన స్త్రీకి సమర్థుడైన వకీలు దొరకాలి.

మన సంఘాల సమావేశాల్లో హింస గురించి మాట్లాడుకుంటాం, కూలి గురించి, భూమి గురించి మాట్లాడుకుంటాం. ఈసారి నొప్పి గురించి కూడా మాట్లాడదాం.