ఎకరానికో ఓటు
అరిజోనాలోని చాండ్లర్‌లో ఎన్నో ఇళ్లకు కరెంటు అమ్మే సాల్ట్ రివర్ ప్రాజెక్టు ప్రజల సంస్థే. అయినా దాని విద్యుత్ బోర్డులోని 14 స్థానాల్లో పదింటికి ఓట్లు లెక్కపెట్టేది మనుషులను బట్టి కాదు, ఎకరాలను బట్టి. పావు ఎకరంలో ఇల్లున్నవారిది పావు ఓటు, వంద ఎకరాల ఆసామిది వంద ఓట్లు. నెలనెలా బిల్లు కడుతున్నా, అద్దెకుండే పౌరులకు అసలు ఓటే లేదు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఈ ప్రాజెక్టుకు పునాది అయిన రూజ్‌వెల్ట్ ఆనకట్ట అప్పుకు 1903లో రైతులు తమ భూములనే పూచీ పెట్టారు కదా అంటారు ఈ పద్ధతిని వెనకేసుకొచ్చేవారు. నిజమే. 1981లో అమెరికా సుప్రీంకోర్టు 5-4తో ఈ పద్ధతిని సమర్థించిన మాటా నిజమే. కానీ రాజ్యాంగానికి అడ్డురానిదల్లా న్యాయమైపోదు. నాటి పూచీ సాగునీటి కోసం. నేటి ఆదాయంలో సింహభాగం కరెంటు వాడకందారులది. గ్యాస్ ప్లాంటు కావాలా, ఇంటిపై సోలార్ పెట్టుకున్నవారు ఎంత కట్టాలి అన్నది తేల్చేదీ ఆ బోర్డే.

కరెంటు విషయంలో తమ మాట చెల్లనప్పుడు జనానికి వీధులే దిక్కవుతాయి. 2018లో ఇరాక్‌లోని బస్రా ప్రజలు చమురు క్షేత్రాల పక్కనే ఉండి కూడా కరెంటుకూ మంచినీళ్లకూ వీధుల్లోకి రావలసి వచ్చింది. కాల్పుల్లో ప్రాణాలూ పోయాయి. అరిజోనాలో అంత దూరం పోనక్కర్లేదు. సాల్ట్ రివర్ ప్రాజెక్టు విద్యుత్ విభాగానికి ఆధారం రాష్ట్ర చట్టమే. రాష్ట్ర శాసనసభ ఆ చట్టాన్ని సవరించి, బిల్లు కట్టే ప్రతి ఓటరుకూ సమానమైన ఓటు ఇవ్వాలి.