మెమరీ పెంచితే మీటరు ఎంత తిరుగుతుంది?

రామగుండంలో 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రం, దానికి సింగరేణి బొగ్గు... అన్నీ మన పక్కనే! అయినా కరీంనగర్ ఇల్లాలికైనా, ఆదిలాబాద్ ఇల్లాలికైనా కరెంటు బిల్లంటే బెంగే కదండీ.

ఈమధ్య కొన్ని ఇళ్లలో దూరాన ఉన్న పిల్లల ఫోటోలు, వీడియోలు దాచడానికని ఒక కంప్యూటరును రాత్రింబవళ్లు నడుపుతున్నారు. దాన్నే సర్వర్ అంటారు. "అమ్మా, దీనికి ఇంకాస్త మెమరీ వేయిస్తా" అని మీ అబ్బాయి అన్నాడనుకోండి. "కరెంటు ఎంత కాలుతుందిరా?" అని అడగాల్సింది మీరే!

మెమరీ అంటే సన్నటి పట్టీ. అది చిల్లుకుండ లాంటిది. అందులో ఉన్నది కారిపోకుండా సెకనుకు దాదాపు 15 సార్లు మళ్లీ నింపుతుండాలి. అందుకే పని లేకున్నా కరెంటు తాగుతుంది. ఒక పట్టీకి సుమారు 3 వాట్లు వేసుకోండి. రోజంతా నడిస్తే నెలకు 2 యూనిట్ల పైచిలుకు, అంతే! అసలు తిండిపోతు నిద్రపోని కంప్యూటరే. పాతది 50 వాట్లు తీసుకుంటే నెలకు 36 యూనిట్లు!

ఆ రెండు యూనిట్లూ తక్కువేం కాదు. 2024లో మొదలైన గృహజ్యోతి కింద తెల్లకార్డు ఉన్న అర్హులకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మొత్తానికీ కట్టాలి. 163 కాలే ఇంట్లో సర్వర్ 36 చేరితే 199. పట్టీ 2 కలిస్తే 201! బిల్లు వెయ్యి దాటినట్టే.

మరి కొలవడం ఎలా? మీ మీటరు మీద 3200 అని రాసి ఉంటే, దాని ఎర్రదీపం అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ అయినట్టు. ఫ్రిజ్ కడిగే రోజున అన్నీ ఆపేసి, కంప్యూటరు ఒక్కటే ఉంచండి. 6 నిమిషాల్లో ఎన్ని మెరుపులో లెక్కపెట్టి, 3తో హెచ్చించండి. సుమారుగా అన్ని వాట్లు!

మెమరీ కావాలంటే వేయించండి. రెండు చిన్న పట్టీల బదులు ఒక పెద్దది పెట్టిస్తే కొంత ఆదా. రాత్రి 8 గంటలు కంప్యూటరును ఆపితే నెలకు 12 యూనిట్లు మిగులుతాయి. పట్టీ తినేదానికి అది ఆరింతలు! అయితే ఒక్కసారిగా స్విచ్ తీసేయకండి, ముందు కంప్యూటరులోనే షట్‌డౌన్ చేయించండి. ఫోటోలు పదిలం, బిల్లూ పదిలం!