వంటయింటి ముచ్చట: స్టీలుగిన్నె మచ్చలు

మొన్న బందరులో మా పొరుగింటి క్రొత్తకోడలు స్టీలుగిన్నెను పొయ్యిపై మరచి నీలివన్నె తెప్పించినదని అత్తగారు కోపించి, నాటి చింతపండు పులుసును కళాయి పోయిన యిత్తడిగిన్నెలో కాచబోయిరి. మేము వారించితిమి.

స్టీలునందలి క్రోమియము గాలి సోకి సన్నని పొరయై లోహమును కాపాడును. మిక్కిలి వేడిచే ఆ పొర మందమై నెమలికంఠపు రంగులు చూపును. తెల్లమచ్చలు నీటిలోని సున్నము. రెండును హానిచేయవు, నిమ్మచెక్కతో తోమిన తగ్గును. దివిసీమవంటి ఉప్పునీటి తావుల గిన్నెలను వెంటనే తుడిచి యారబెట్టవలెను. వంటలో ఉప్పును నీరు మరగిన పిదపనే వేయుడు; లేనిచో గిన్నెయడుగున సన్నని గుంటలు పడును.

కళాయి లేని యిత్తడి మాత్రము పులుపు తగిలిన రాగిని విడుచును, దానివలన వాంతులగును. భయపడవలసినది దానికే. వన్నె మారిన గిన్నెకై కోడలిని దూషింపకుడు.