కంప్యూటర్ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి?



కంప్యూటర్ నేర్చుకోవలసిన అవసరం గురించి ఈ రోజుల్లో ఎవరికీ వ్యాసం రాసి చెప్పనక్కరలేదు. ఈ హాస్టల్లో చదువుకుని బందరు, గుడివాడ, అవనిగడ్డల్లో తలోపని చేసుకుంటున్న పాత విద్యార్థులం మేము. మేము చెప్పదలచుకున్నది వేరే విషయం. హాస్టళ్ళలో కంప్యూటర్ ఉన్నచోట కూడా పిల్లలకు అది అందడం లేదు. ఎవరో దాత ఇస్తారు, ఫోటో తీస్తారు, దాని మీద గుడ్డ కప్పి గదికి తాళం వేస్తారు. అదేమంటే "పిల్లలు పాడు చేస్తారు" అంటారు.

పాడు చేయనివ్వండి అంటున్నాం మేము. లినక్స్ ఎక్కించిన కంప్యూటర్‌ను పిల్లలు ఎంత చెడగొట్టినా పోయేది ఒక పూట. మళ్ళీ ఎక్కించుకోవడానికి పైసా ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటే, 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొత్త తరం ప్రాసెసరు ఉండాలి. దాతలు మనకిచ్చేవి వాళ్ళ ఆఫీసుల్లో వాడి తీసేసినవి కనుక చాలావాటికి ఆ యోగం లేదు. షాపుకు తీసుకెళితే పాతసామాను కింద అమ్మేయమంటారు. అదే కంప్యూటర్‌లో రెండు జీబీ ర్యామ్ ఉన్నా డెబియన్ ఎక్కించి, ఎక్స్‌ఎఫ్‌సీఈ లేదా ఎల్‌ఎక్స్‌క్యూటీ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ పెడితే టైపింగుకూ, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికీ పనికొస్తుంది. మరీ పాత 32 బిట్ యంత్రాలైతే 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 వాటిలో ఎక్కదు, డెబియన్ 12 చూసుకోవాలి.

అసలు ఇది విద్యార్థుల చేతుల్లో పుట్టిన వస్తువు. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రకటించి దారి వేస్తే, 1991లో హెల్సింకిలో చదువుకుంటున్న 21 ఏళ్ళ లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ రాశాడు. 1996లో కేడీఈ డెస్క్‌టాప్ మొదలుపెట్టిన మథియాస్ ఎట్రిచ్ కూడా అప్పటికి జర్మనీలో విద్యార్థే. ఇక మన దగ్గర చూస్తే, 2000ల దశకంలో హైదరాబాదు కేంద్రంగా మొదలైన స్వేచ్ఛ సంస్థ స్వచ్ఛంద కార్యకర్తలతో, ఇంజనీరింగ్ విద్యార్థులతో కలిసి తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసింది, బస్తీ పిల్లల కోసం కంప్యూటర్ కేంద్రాలు నడిపింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల పిల్లలు ఏళ్ళ తరబడి లినక్స్ మీదే నేర్చుకుంటున్నారు. కేరళ పిల్లలు చేయగలిగింది కృష్ణా జిల్లా పిల్లలు చేయలేరా?

కొత్తవాళ్ళు ముందుగా తికమకపడేది డెస్క్‌టాప్ దగ్గర. విండోస్‌కు ఒకటే ముఖం. డెబియన్ ఎక్కించేటప్పుడు మాత్రం గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే, సిన్నమన్ అంటూ ఒక జాబితా చూపించి ఏది కావాలని అడుగుతుంది. పెడన వెళ్ళి కలంకారీ అద్దకం చూసినవాళ్ళకు ఇది తేలికగా అర్థమవుతుంది. గుడ్డ అదే, దాని మీద అద్దే చెక్క అచ్చు మారితే చీర మారిపోతుంది. లోపలి లినక్స్ గుడ్డ అయితే డెస్క్‌టాప్ అచ్చు. అయితే ఒకే చీర మీద అన్ని అచ్చులూ అద్దితే ఎలా ఉంటుంది? కొత్త ఉత్సాహంలో చాలామంది చేసే పని సరిగ్గా అదే. ఉచితమే కదా అని నాలుగు డెస్క్‌టాపులూ ఎక్కిస్తారు. మెనూలో ఫైల్ మేనేజర్లు నాలుగు, టెక్స్ట్ ఎడిటర్లు నాలుగు కనిపిస్తాయి. లాగిన్ తెర నడిపే ప్రోగ్రాములు కూడా ఒకటికి రెండై, వాటిలో ఏది ఉంచమంటారని కంప్యూటరే అడుగుతుంది. చదవకుండా ఎంటర్ కొడితే ఆ తరువాత వచ్చే అయోమయానికి లినక్స్‌ను తిట్టి లాభం లేదు. పాత యంత్రానికి ఒక్క డెస్క్‌టాప్ చాలు. రెండోది చూడాలని ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపి చూడవచ్చు, హార్డ్‌డిస్కును ముట్టుకోనవసరం లేదు.

సాఫ్ట్‌వేర్ ఎక్కించే పద్ధతి కూడా వేరు. ఎక్కడెక్కడో వెతికి ఫైలు దించుకుని దాని మీద రెండుసార్లు నొక్కే అలవాటు ఇక్కడ మానుకోవాలి. మన స్టోర్ రూముకు ఇండెంటు రాసినట్టే ఇక్కడ 'ఆప్ట్' అనే ఆజ్ఞతో కావలసిన ప్యాకేజీ పేరు రాస్తే చాలు. సాంబారు అని రాస్తే పప్పు, చింతపండు, ఆవాలు కూడా వాటంతటవే వచ్చినట్టు, దానికి కావలసిన మిగతా ప్యాకేజీలన్నీ వెంట వస్తాయి. (మన స్టోర్ రూములో ఎన్నడూ అలా జరగలేదని పాత విద్యార్థులకు తెలుసు!) తీసేసేటప్పుడు ఏమేమి పోతాయో పట్టిక చూపిస్తుంది. అది చదివిన తరువాతే సరే అనాలి.

దివిసీమలో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ప్యాకేజీ ఎక్కుతుండగా కరెంటు పోతే మరుసటిసారి తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం వస్తుంది. అది చూడగానే మన తెలుగు మీడియం పిల్లవాడి చెయ్యి ఆగిపోతుంది, కంప్యూటర్ చెడిపోయిందని వార్డెన్ గారికి కబురు వెళుతుంది, గదికి తాళం పడుతుంది. నిజానికి ఆ వాక్యం చెప్పేది ఇంతే: పని మధ్యలో ఆగిపోయింది, సరిచేయడానికి ఫలానా ఆజ్ఞ ఇవ్వండి. ఆ ఆజ్ఞ కూడా అక్కడే అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంటుంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని పదో తరగతి విద్యార్థి చదవగలిగిన వాక్యమది. మా దృష్టిలో ఒకసారి ఆ వాక్యం చదివి తనే సరిచేసుకున్న పిల్లవాడు, ఎమ్మెస్ ఆఫీస్ కోర్సు పట్టా తెచ్చుకున్నవాడికన్నా ఎక్కువ నేర్చుకున్నట్టు.

ఉద్యోగాలకు ఎమ్మెస్ ఆఫీస్ అడుగుతున్నారు కదా అంటారు. నిజమే. లిబ్రెఆఫీస్ బాగా వచ్చినవాడికి దానిలో కుదురుకోవడానికి ఎన్నో రోజులు పట్టదు. కానీ డీటీపీ పనికి వెళ్ళదలచుకున్నవాళ్ళకు లినక్స్ ఒక్కటే చాలని మేము అనం. అను ఫాంట్లతో పేజీలు కట్టే షాపుల్లో విండోస్ తప్పదు. యూనికోడ్ తెలుగుకైతే లోహిత్, పోతన, వేమన ఫాంట్లు డెబియన్ భండారంలోనే ఉన్నాయి.

వార్డెన్ గార్లకు మా మనవి ఒక్కటే. హాజరు, బిల్లులు ఉన్న ఆఫీసు కంప్యూటర్ జోలికి ఎవరినీ రానివ్వకండి, అది న్యాయం. దాతలిచ్చిన వాటిలో ఒక్కదాన్ని మాత్రం పిల్లలకు వదిలేసి, ఆదివారం పూట ఆ గది తాళంచెవి ఇంటర్ విద్యార్థుల్లో ఒకరి చేతికివ్వండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కీబోర్డు మీద చెయ్యి జూనియర్‌దే ఉండాలి, సీనియర్ వెనక నిలబడి నోటితో చెప్పాలి. నెట్ లేకపోయినా ఫరవాలేదు. డెస్క్‌టాపూ, లిబ్రెఆఫీసూ ఒక్క డీవీడీలోనే ఉంటాయి. అత్యవసరమైతే ఎవరి సెల్‌ఫోనైనా యూఎస్‌బీ వైరుతో తగిలించి నెట్ వాడుకోవచ్చు.

డెబియన్ డీవీడీలు రెండూ, ఎక్కించి సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్ ఒకటీ వార్డెన్ గారి బీరువాలో ఇచ్చి ఉంచాము. అడిగి తీసుకోండి.