పటము గీచినవానికే పట్టాభిషేకమా?

నగరనిర్మాణశాస్త్రము నభ్యసించిన నిపుణునకే నగరపాలన నప్పగింపవలెననియు, కాలువ కాంట్రాక్టులకై కలహించు కార్పొరేటర్లను ఇంటికి పంపినగాని సుస్థిరాభివృద్ధి సిద్ధింపదనియు మొన్న ఒక సభలో ఒక వక్త సెలవియ్యగా, చప్పట్లతో సభ మారుమ్రోగినది. ఇట్టి సభలలో దృష్టాంతమెప్పుడును ఒక్కటే: బ్రెజిలు దేశమందలి కురిటిబా. నాయకుడును ఒక్కడే: వాస్తుశిల్పియై, ప్రణాళికాకర్తయై, ముమ్మారు మేయరైన జైమి లెర్నర్.

అక్కడ 1972లో ప్రధాన వీథిని వాహనములకు మూసి పాదచారుల పరము చేసిన మాటయు, 1974లో బస్సులకు ప్రత్యేక మార్గములు తెరచిన మాటయు, వరదనీటి పల్లములను ఉద్యానవనములు గావించిన మాటయు నిజమే. కాని ఇన్ని బొమ్మలు తెరపై చూపినవాడు, 1971లో ఆ మేయరును పీఠమెక్కించినది పౌరుల ఓటు కాదనియు, 1964 నుండి ఆ దేశమును చెరబట్టిన సైనికపాలనయే యనియు, 1979లోను జరిగినది నియామకమే యనియు ఏల చెప్పడు? వర్తకులు న్యాయస్థానపు మెట్లెక్కులోపల, వారాంతమున ఆ ప్రధాన వీథిని త్రవ్వించుట సాహసమట! వెనుక తుపాకి యున్నవానికి సాహసమునకు కొదువయా?

అసలీ తెరబొమ్మల మోజు చూచిన నాకు ఒళ్లు మండును. వానిలో చెట్లుండును, సైకిళ్లుండును, బెంచీపై పుస్తకము చదువుకొను యువతి యుండును; తోపుడుబండి యుండదు, చెత్త యేరుకొను ముసలమ్మ యుండదు, పందులసలే యుండవు. మనుష్యులు లేని నగరమును ఎవడైనను చక్కదిద్దగలడు.

1985లో ఓటర్ల నడుగవలసి వచ్చినప్పుడు లెర్నర్ ఓడిపోయెను. 1988లో మరల నిలిచి గెలిచెను. వక్తలు మురిసిపోవు గొట్టపు బస్‌స్టాపులును, చెత్త తెచ్చిన పేదలకు కూరగాయలిచ్చు పథకమును 1991లో, ఆ ఓటుతో వచ్చిన పదవీకాలముననే వెలసినవి. ఓటమి నేర్పు పాఠమును ఏ శాస్త్రగ్రంథము నేర్పును?

కార్పొరేటర్లలో అవినీతి లేదా యందురు. ఉన్నది, అది ఫిర్యాదే గాని వాదము కాదు. విశాఖపట్నమునకు 2012 నుండి 2021 వరకు ఎన్నికైన పాలకమండలియే లేదు, అధికారులే సర్వస్వము. కార్పొరేటర్లే అడ్డంకియైనచో ఆ తొమ్మిదేండ్లలో విశాఖ కురిటిబాను మించవలసినది!

మరి మార్గమేమందురా? 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ పురపాలికల కప్పగింపదగిన అంశములలో పట్టణ ప్రణాళికనే మొదట పేర్కొనినది. మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనాభా గల నగరములకు వార్డు సంఘములను విధించినది. వానికి ప్రాణము పోసిన చాలును. ఎట్లన్నది ఆయా నగరములే తేల్చుకొనును. నిపుణులకు మేయరు పదవిపై కోరిక యున్నచో నిరభ్యంతరముగ నిలువవచ్చును. పటము చంకబెట్టుకొని వార్డు వార్డునకు తిరిగి, తిట్లు తిని, ఓటడిగి, అవసరమైనచో ఒకమారు ఓడిపోయి రావలెను.